ప్రేగులలోని సూక్ష్మజీవులు – చక్కెర వ్యాధి – మన జొన్నరొట్టె

మన అల్లాదుర్గ్ ప్రాంతంలో డెబ్భై ఏళ్ళు దాటిన పెద్దమనిషి నెవరినైనా పలకరించి, "తాతా, చిన్నప్పుడు ఏం తింటుంటిరి?" అని అడిగి చూడండి. "ఏముంటది బిడ్డా, పొద్దుగాల అంబలి, మాపటికి జొన్నరొట్టె, లేకుంటే గటక. బియ్యపు బువ్వ పండుగకే" అన్న జవాబు వస్తుంది. "మరి ఇప్పుడో?" అంటే, "ఇప్పుడు మూడు పూటలా బువ్వనే. షుగరుకు గోలీ ఏసుకుంటున్న" అంటారు చాలామంది.

ఈ రెండు జవాబుల మధ్య ఏదో సంబంధం ఉన్నదని మనకు తోస్తూనే ఉంటుంది. ఆ సంబంధంలో ఒక పోగు మన ప్రేగులలో ఉన్నదని గత ఇరవై ఏళ్ళుగా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ పోగును పట్టుకుని కొంతదూరం నడవడమే ఈ వ్యాస ఉద్దేశం. ఇది పెద్దవాళ్ళ జబ్బు గదా, విద్యార్థులకెందుకు అని ఎవరైనా అనవచ్చు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ వ్యాధి అంచున నిలబడ్డవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. అంచున ఉన్నవారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. నేడు హాస్టలులో అన్నం తింటున్న మనం రేపు ఏ లెక్కలో చేరతామన్నది కొంతవరకు మన చేతిలోనే ఉంది.

ఎవరీ సూక్ష్మజీవులు?

బాక్టీరియా అనగానే రోగం అనుకోవడం మన అలవాటు. కలరా, టైఫాయిడ్, క్షయ పేర్లు చదివి చదివి అలా స్థిరపడిపోయింది. నిజానికి మన ఒంటిమీద, ఒంటిలోపల ఉండే బాక్టీరియాలో అత్యధిక భాగం మనకు హాని చేయనివి. ఒక పెద్దమనిషి శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయనీ, మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లనీ 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. "మన కణాలకంటె బాక్టీరియా పది రెట్లు" అని పాత పుస్తకాలలో కనిపించే మాట ఈ లెక్కతో వీగిపోయింది. ఇన్ని ఉన్నా వాటి మొత్తం బరువు 200 గ్రాములే. వీటిలో చాలా భాగం పెద్దప్రేగులో కాపురముంటాయి.

బిడ్డ పుట్టినప్పుడు తల్లి నుంచి, ఆ తరువాత తల్లిపాల నుంచి, ఇంటి నుంచి, మట్టి నుంచి, తిండి నుంచి ఇవి వచ్చి చేరుతాయి. మూడేళ్ళ వయసు వచ్చేసరికి దాదాపు ఒక స్థిరమైన రూపానికి వస్తాయి. ఏ ఇద్దరిలోనూ ఇవి ఒకేలా ఉండవు. విటమిన్-కె, కొన్ని బి-విటమిన్లు తయారు చేయడం, రోగకారక క్రిములకు చోటివ్వకుండా అడ్డుకోవడం, మన రోగనిరోధక శక్తికి మిత్రులెవరో శత్రువులెవరో నేర్పడం వీటి పనులు.

ఒక తెలుగువాని కథ

ప్రేగు చెడితే ఒళ్ళంతా ఎలా చెడుతుందో తెలుసుకోవడానికి మనం పరదేశాల ఉదాహరణలు వెతకనక్కరలేదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమే చాలు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఇది ఉష్ణదేశాలలో వచ్చే ప్రేగుల వ్యాధి. చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలతో మొదలై, రక్తహీనతతో మనిషి శుష్కించిపోతాడు. ఆ దుఃఖమే సుబ్బారావుగారిని వైద్య పరిశోధన వైపు తిప్పిందంటారు.

అమెరికాలో హార్వర్డులో చాలా కాలం పనిచేసి, 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1948లో అదే ప్రయోగశాల నుంచి ఆరియోమైసిన్ అనే మందు వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబపు యాంటీబయాటిక్కులలో అది మొట్టమొదటిది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. నేటికీ స్ప్రూ వ్యాధికి డాక్టర్లు ఇచ్చే చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు టెట్రాసైక్లిన్! తన అన్నదమ్ములను బలిగొన్న జబ్బుకు కావలసిన రెండు మందులకూ బాట వేసినది ఆయన పనిచేసిన ప్రయోగశాలే. ఈ జబ్బులో యాంటీబయాటిక్ పనిచేస్తున్నదంటే, ప్రేగులో బాక్టీరియా అదుపు తప్పడం కూడా అందులో ఒక భాగమని అర్థం.

ఈ కథకు రెండో భాగం కూడా ఉంది. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని అదే సంస్థ శాస్త్రజ్ఞులు కోడిపిల్లలకు మేపి చూశారు. పిల్లలు మామూలుకంటె త్వరగా బరువు పెరిగాయి. 1950లో ఈ సంగతి ప్రకటించగానే ప్రపంచమంతటా కోళ్ళ దాణాలో, పశువుల దాణాలో యాంటీబయాటిక్కులు కలపడం మొదలైంది. మందు పోసి బాక్టీరియాను మారిస్తే జంతువు బరువే మారుతుందన్న సూచన ఇందులో ఉంది. అరవై ఏళ్ళ తరువాత, 2012లో అమెరికా శాస్త్రజ్ఞులు చిన్న ఎలుకలకు తక్కువ మోతాదులో యాంటీబయాటిక్కులు ఇచ్చి చూశారు. వాటి ప్రేగులలోని బాక్టీరియా మారాయి, ఒంట్లో కొవ్వూ పెరిగింది. అవసరమైనప్పుడు యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ జలుబు చేసినా, ఒళ్ళు వెచ్చబడినా మందుల దుకాణానికి పోయి "రెండు గోలీలియ్యి" అని అడిగి వేసుకునే అలవాటుకు ప్రేగులు కూడా మూల్యం చెల్లిస్తాయి.

వీటి తిండి ఏమిటి?

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం, పప్పులోని మాంసకృత్తులు, నూనె – ఇవన్నీ చిన్నప్రేగులోనే దాదాపుగా అరిగి రక్తంలో కలుస్తాయి. పెద్దప్రేగు దాకా చేరేది మనం అరిగించుకోలేనిది. ముఖ్యంగా పీచుపదార్థం. గింజల పైపొట్టులో, పప్పులలో, ఆకుకూరలలో, కాయలలో ఉండే ఈ పీచును కోయగల ఎంజైములు మనిషికి చాలా కొద్ది. బాక్టీరియాకు మాత్రం వేలరకాలు. అవి ఆ పీచును పులియబెట్టి అసిటేటు, ప్రొపియొనేటు, బ్యుటిరేటు అనే చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి.

చూడబోతే వ్యర్థంలా కనిపించే ఈ ఆమ్లాలే మనకు అసలు లాభం. బ్యుటిరేటు పెద్దప్రేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఆహారం. దాని బలంతోనే ప్రేగు గోడ బిగువుగా ఉంటుంది. ఈ ఆమ్లాలు తగిలినప్పుడు ప్రేగు గోడలోని కొన్ని కణాలు జి.ఎల్.పి.-1 అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది క్లోమానికి "ఇన్సులిన్ విడువు" అని కబురు చేస్తుంది, మెదడుకు "ఇక కడుపు నిండింది" అని చెబుతుంది. ఈ హార్మోనును పోలిన ఇంజక్షన్లనే నేడు చక్కెర వ్యాధికీ, స్థూలకాయానికీ ఎంతో ఖరీదుకు అమ్ముతున్నారు.

పీచు అందకపోతే ఏమవుతుంది? ఇంట్లో గింజలు అయిపోతే విత్తనపు గింజలు తిన్నట్టు, బాక్టీరియా ప్రేగు గోడమీద రక్షణగా ఉండే జిగురుపొరనే తినడం మొదలుపెడతాయి. 2016లో ఎలుకలలో దీన్ని స్పష్టంగా చూశారు. పొర పలుచబడితే బాక్టీరియా పైకవచపు ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారతాయి. ఒళ్ళు దాన్ని దండయాత్రగా భావించి లోలోపల మంట రాజేస్తుంది. జ్వరంలాగా పైకి తెలిసే మంట కాదిది, నివురుగప్పిన నిప్పు. ఈ స్థితిలో కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. 2007లో శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగాలతో ఈ దారి మొదట వెలుగులోకి వచ్చింది.

చక్కెర వ్యాధితో సంబంధం

మనుషులలో సాక్ష్యం ఏమున్నది? 2012లో చైనా శాస్త్రజ్ఞులు 345 మంది మలంలోని బాక్టీరియా జన్యువులను పరీక్షించి, చక్కెర వ్యాధి ఉన్నవారిలో బ్యుటిరేటు తయారుచేసే రకాలు తగ్గినట్లు ప్రకటించారు. మరుసటి యేడు యూరపు స్త్రీలలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. 2012లోనే ఆంస్టర్‌డాంలో సన్నని ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన బాక్టీరియాను స్థూలకాయులైన మగవారి ప్రేగులలోకి ఎక్కించారు. వినడానికి రోతగా ఉన్నా, ఆరు వారాలలో వారి శరీరం ఇన్సులినుకు బాగా స్పందించింది. అయితే ఆ మేలు ఎంతోకాలం నిలవలేదని అదే బృందం 2017లో చెప్పింది. కొత్త బాక్టీరియాను పంపినా, పాత తిండే తింటుంటే అవి ఎట్లా నిలుస్తాయి?

2018లో షాంఘై ప్రయోగం తిండి వైపు నుంచి వచ్చింది. చక్కెర వ్యాధిగ్రస్తులను రెండు జట్లు చేశారు. ఇద్దరికీ ఒకే మందు ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం ముడిధాన్యాలతో, పలురకాల పీచుతో కూడిన ఆహారం పెట్టారు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో పీచు జట్టువారు నూటికి 89 మంది మంచి అదుపులోకి వచ్చారు. రెండో జట్టులో నూటికి 50 మందే. పీచు తిన్నవారి ప్రేగులలో ఆమ్లాలు చేసే కొన్ని బాక్టీరియా బాగా వృద్ధి చెందినట్లు కూడా తేలింది.

మన దేశపు ప్రేగుల సంగతి కూడా కొంత తెలిసింది. భోపాల్‌లోను, కేరళలోను 110 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. గింజలు, కూరలు ఎక్కువగా తినే భోపాల్ వారి ప్రేగులలో ప్రెవొటెల్లా అనే బాక్టీరియా హెచ్చుగా కనిపించింది. ముడిగింజల పీచును కోయడంలో దానిది అందెవేసిన చెయ్యి. తరతరాల తిండి మన కడుపులో ఎటువంటి పనివాళ్ళను పెంచిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. పని చేతనైన ఈ పనివాళ్ళకు పని లేకుండా చేశామా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

మన పళ్ళెంలో వచ్చిన మార్పు

మెదక్ ప్రాంతం మెట్టభూముల సీమ. జొన్న, సజ్జ, కొర్ర, సామ, వాటి నడుమ సాళ్ళలో కంది, పెసర, అనుము, ఉలవ – ఇది పాత సేద్యం. బోరుబావులు వచ్చి వరి పెరిగింది. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అది ఎందరో పేదల ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టలేము. 2025 ఉగాది నాడు తెలంగాణలో రేషను కార్డుల మీద సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఈ నలభై ఏళ్ళలో జొన్న మాత్రం పేదవాని ఇంటి నుంచి మెల్లగా తప్పుకుంది. బువ్వ తినడం మర్యాద, గటక తినడం నామోషీ అన్న భావం కూడా దీనికి తోడయింది. చిత్రమేమంటే, అదే జొన్న నేడు పట్నంలో అందమైన సంచులలో ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది.

తేడా ఎంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో పుట్టి, తరువాత హైదరాబాదుకు తరలి, 1969లో ఈ పేరు పొందిన సంస్థ) 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములకు లోపే. అంటే జొన్న నుంచి బియ్యానికి మారిన ఇంట్లో మనుషుల కడుపు నిండుతూనే ఉన్నా, ప్రేగులలోని బాక్టీరియాకు గింజల నుంచి వచ్చే కూడు మూడోవంతుకు పడిపోయింది.

సంగారెడ్డి మీదుగా హైదరాబాదు పోయే దారిలో పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ మనకు పరాయిది కాదు. 2016 వరకు అది మన మెదక్ జిల్లాలోదే. ఆ సంస్థ నాయకత్వంలో శాస్త్రజ్ఞులు 11 దేశాలలో జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి 2021లో ఒక సమీక్ష ప్రకటించారు. రోజూ చిరుధాన్యాలు తిన్న చక్కెర వ్యాధిగ్రస్తులలో పరగడుపున, భోజనం తరువాత చూసిన చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గిందని అందులో తేలింది. ఈ మేలంతా బాక్టీరియా పుణ్యమేనని ఆ సమీక్ష అనలేదు. పీచున్న గింజ నెమ్మదిగా అరగడం కూడా ఒక ముఖ్య కారణం.

అప్పటి మన జిల్లాలోనే, జహీరాబాద్ పల్లెలలో 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని మహిళలు, ఎక్కువమంది దళిత రైతు స్త్రీలు, ఈ పంటలను వదలకుండా నిలబెట్టారు. బీడుభూములు సాగులోకి తెచ్చి, 1990వ దశకంలో బియ్యానికి బదులు జొన్న పంచే రేషను పద్ధతిని తామే నడిపారు. 2019లో వారికి ఈక్వేటర్ బహుమతి లభించింది. పుస్తకాలలో ఈ బాక్టీరియా పేర్లు రాకముందే వాటికి కావలసిన కూడు కాపాడినవారు వీరు.

తొందరపాటు వద్దు

ఇంతవరకు చదివి, "అయితే జొన్నరొట్టె తిని గోలీలు మానేద్దాం" అనుకుంటే ప్రమాదం. ఈ వ్యాసం ఆ మాట చెప్పడం లేదు.

మొదటిది, చక్కెర వ్యాధికి ఒక్కటే కారణం లేదు. వంశపారంపర్యం, పొట్టచుట్టూ కొవ్వు, ఒళ్ళు కదలని కొలువులు, నిద్రలేమి, పొగతాగడం – అన్నీ ఉన్నాయి. బాక్టీరియా మారడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల బాక్టీరియా మారాయా అన్న చిక్కు పూర్తిగా విడిపోలేదు. క్లోమం పూర్తిగా దెబ్బతిని చిన్నపిల్లలకు వచ్చే మొదటి రకం వ్యాధిలో ఇన్సులిన్ ఆపడమంటే ప్రాణం తీయడమే.

రెండవది, మందు కూడా ప్రేగులోనే కొంత పనిచేస్తుంది. ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర బాక్టీరియాను మారుస్తుందని 2015లో తేలింది. ఆ మార్పు చక్కెర తగ్గడానికి కొంత తోడ్పడుతుందని 2017లో మరో పరిశోధన సూచించింది. ఈ మాత్ర మొదలుపెట్టిన కొత్తలో కడుపు ఉబ్బరం, విరేచనాలు కావచ్చు. "నా ఒంటికి పడలేదు" అని చాలామంది అక్కడే మానేస్తారు. భోజనంతోపాటు వేసుకోవడం, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం, నెమ్మదిగా కరిగే రకానికి మారడం వంటి ఉపాయాలు డాక్టరు దగ్గరుంటాయి. అడగాలి, చెప్పకుండా మానరాదు.

మూడవది, డబ్బాలలో అమ్మే "మంచి బాక్టీరియా" పొడులు. వీటితో చక్కెర వ్యాధి నయమవుతుందని చెప్పేవారిని నమ్మవద్దు. బయటినుంచి మింగిన బాక్టీరియాలో చాలా భాగం బాటసారులు, నాలుగు రోజులుండి పోతాయి. మన ఇంటి పెరుగు, మజ్జిగ, పులిసిన అంబలి మంచివే. చవక కూడాను. వాటినీ మందులుగా కాక తిండిగానే చూడాలి.

నాలుగవది, జొన్నలోనూ పిండిపదార్థం ఉంది. ఆరు రొట్టెలు తిని "షుగరుకు మంచిదే గదా" అంటే కుదరదు. ధాన్యాలు, చిరుధాన్యాలు అన్నీ కలిపినా మన రోజువారీ శక్తిలో 45 శాతానికి మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొట్టు తీసి పాలిష్ పట్టిన కొర్రలు, చక్కెర కలిపిన జొన్న బిస్కట్లు పేరుకే చిరుధాన్యాలు.

మనం చేయగలిగినవి

హాస్టలులో వండిపెట్టింది తినే విద్యార్థికి ఎంపిక తక్కువ. ఇంటినుంచి వచ్చేవారికి ఖర్చు సమస్య. అయినా కొన్ని పనులు మన చేతిలోనివే. పళ్ళెంలో అన్నం కొండను కొంత తగ్గించి ఆ చోట పప్పు, కూర, ఆకుకూర పెంచాలి. గోంగూర, తోటకూర, చిక్కుడు, అనుములు, ఉలవలు, పుట్నాలు ఖరీదైనవేమీ కావు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. అందుచేత పదిహేను రోజులలో మెల్లగా పెంచి, నీళ్ళు బాగా తాగాలి. భోజనమయ్యాక పడక ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు కొంత చక్కెరను వాడుకుంటాయి. డాక్టరు రాయని యాంటీబయాటిక్ వేసుకోరాదు, రాసినప్పుడు మధ్యలో ఆపరాదు.

విద్యార్థి సంఘం చేయదగినవి రెండున్నాయి. వారానికి రెండు రోజులైనా మెస్సులో జొన్నరొట్టెనో, గటకనో పెట్టించడం మొదటిది. రొట్టె తట్టే చేతులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి, జొన్నలు నేరుగా రైతు దగ్గరే కొనవచ్చు. దాంతో మెట్టసేద్యం చేసే ఒకరిద్దరు రైతులకు బేరం కూడా దొరుకుతుంది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంవారి సాయంతో ఏడాదికొకసారి కళాశాలలో చక్కెర పరీక్ష శిబిరం పెట్టడం రెండవది. విద్యార్థులకంటె ముందు ఆ వరుసలో అధ్యాపకులు, ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులు నిలబడాలి. ముప్ఫై దాటినవారికి ఆ పరీక్ష అవసరం ఎక్కువ.

జొన్న గటక బీదతనానికి గుర్తని మన ముందుతరంవారు సిగ్గుపడ్డారు. వారు పడిన కష్టం తలచుకుంటే ఆ సిగ్గు అర్థం చేసుకోదగ్గదే. కానీ మన ప్రేగులలోని 38 లక్షల కోట్ల జీవులకు సిగ్గుబిడియాలు లేవు, వాటికి కావలసింది కూడు. రోజూ పళ్ళెంలో వాటి వంతు కూడా ఉండేటట్టు చూసుకుంటే, వాటి పని అవి చేసుకుపోతాయి.